మరమ్మతుకు వచ్చిన వస్తువు మన చేతిలో ఒక అమానతు

ప్రశంసలన్నీ అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై అల్లాహ్ శాంతి శుభాలు కురియుగాక!

 

కొద్ది రోజుల క్రితం జుమా నమాజు ముగిసిన తర్వాత ఒక సోదరుడు నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఆయనకు బజారులో చిన్న దుకాణం ఉంది. మోటార్లకు వైండింగ్ చేస్తాడు, మిక్సీలు, కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఒక రాత్రి ఆయన దుకాణంలో దొంగలు పడ్డారు. జనం మరమ్మతుకు ఇచ్చిన వస్తువులలో మూడు పోయాయి: ఒక నీళ్ళ మోటారు, ఒక మిక్సీ, ఒక కుట్టుమిషను. తన పనిముట్లు కూడా పోయాయి. "మౌలానా! నేను దొంగతనం చేయలేదు, నష్టపోయినవాడిలో నేనూ ఒకణ్ణి. పైగా దుకాణం గోడమీద 'వస్తువులకు మా బాధ్యత లేదు' అని బోర్డు కూడా ఉంది. అయినా జనం అడుగుతున్నారు. షరీఅత్ ప్రకారం నేను కట్టివ్వాలా?" అన్నది ఆయన ప్రశ్న.

ఈ ప్రశ్న ఆయన ఒక్కడిదే కాదు. మన ఊళ్ళలో ముస్లిములలో చాలామంది చేతిపనుల మీద బతికేవాళ్ళే. మెకానిక్కులు, టైలర్లు, వాచీలు, ఫోన్లు బాగుచేసేవాళ్ళు, రంగులు అద్దేవాళ్ళు, వెల్డింగ్ పనివాళ్ళు. ప్రతిరోజూ పరాయివాళ్ళ సొత్తు మన చేతిలోకి వస్తుంది, చేతినుంచి పోతుంది. సాయంత్రం షట్టరు దించి ఇంటికి వెళ్ళేటప్పుడు లోపల ఎందరి ఆస్తి ఉందో ఒక్కసారి తలచుకుంటే చాలు, మన బాధ్యత ఎంత బరువైనదో తెలుస్తుంది.

అమానతు అంటే ఏమిటి?

అమానతు అనగానే మనకు ఎవరో దాచమని ఇచ్చిన డబ్బు మూట, నగల పెట్టె గుర్తుకొస్తాయి. కాని మనపై నమ్మకంతో ఎవరు ఏది అప్పగించినా అది అమానతే. అమానతులను వాటి హక్కుదారులకు చేర్చండని అల్లాహ్ దివ్యఖుర్‌ఆన్‌లోని అన్నిసా సూరా 58వ ఆయతులో ఆజ్ఞాపించాడు. ఇది కేవలం సలహా కాదు, ఆజ్ఞ. అల్ మూమినూన్ సూరా ఆరంభంలో సాఫల్యం పొందే విశ్వాసుల గుణాలను చెబుతూ, వారు తమ అమానతులను, తమ వాగ్దానాలను కాపాడుకుంటారని తెలిపాడు. నమాజు గురించి ప్రస్తావించిన చోటనే అమానతు గురించి కూడా ప్రస్తావించాడు. మసీదులో మన నుదుటిని చూసే అల్లాహ్ దుకాణంలో మన చేతిని కూడా చూస్తున్నాడు.

కపటవిశ్వాసి చిహ్నాలు మూడని దైవప్రవక్త (స) తెలిపిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. మాట్లాడితే అబద్ధమాడటం, వాగ్దానం చేస్తే భంగపరచటం, నమ్మి అప్పగిస్తే ద్రోహం తలపెట్టటం. మరమ్మతు దుకాణం నడిపే సోదరులు ఈ మూడింటినీ తమ వృత్తికి అన్వయించుకుని చూడాలి. "అయిపోవచ్చింది, రేపు రండి" అనే మాట నిజమేనా? చెప్పిన తేదీకి ఇస్తున్నామా? ఇచ్చిన వస్తువు ఇచ్చినట్టుగా తిరిగి చేరుతోందా? ఒక్క వస్తువు విషయంలోనే మూడు పరీక్షలూ ఎదురవుతాయి.

శత్రువు సొత్తు కూడా అమానతే

అమానతు విషయంలో యజమాని మతం చూడటానికి వీల్లేదు. మక్కాలో అవిశ్వాసులు దైవప్రవక్త (స)ను వేధిస్తూ, ఆయన ప్రాణం తీయటానికి కుట్ర పన్నుతూ కూడా తమ విలువైన వస్తువులను ఆయన దగ్గరే దాచుకునేవారు. క్రీ.శ. 622లో హిజ్రత్ చేసే రాత్రి ఆయన ఆ సొత్తును తీసుకుపోలేదు. ఇల్లూ వాకిలీ వదిలి వెళ్ళాల్సిన ఆ ఆపద సమయంలో కూడా ఎవరి వస్తువు వారికి చేర్చే పనిని హజ్రత్ అలీ (రజి)కి అప్పగించి వెళ్ళారు. తరిమివేసినవాళ్ళ సొత్తును కూడా భద్రంగా చేర్చమన్నారు.

హిజ్రీ 8వ సంవత్సరంలో హునైన్ పోరాటానికి ముందు సఫ్వాన్ బిన్ ఉమయ్య దగ్గర దైవప్రవక్త (స) కవచాలు ఎరువు తీసుకున్నారు. అప్పటికి సఫ్వాన్ ఇస్లాం స్వీకరించలేదు. ఇవి బలవంతంగా లాక్కుంటున్నారా అని ఆయన అడిగితే, కాదు, పూచీతో తీసుకుంటున్న ఎరువు అని జవాబిచ్చారు. విజేతగా మక్కాలో ఉన్న నాయకుడు ఓడిపోయిన వ్యక్తికి పూచీ పడ్డారు. మన దుకాణానికి వచ్చేవారిలో ఎక్కువమంది మన హిందూ, క్రైస్తవ ఇరుగుపొరుగువారు. వారు మన ధర్మాన్ని గ్రంథాలలో చదవరు, మన దుకాణంలో చూస్తారు.

పగిలిన గిన్నె నేర్పే పాఠం

నష్టం జరిగినప్పుడు ఏం చేయాలో నేర్పే సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. దైవప్రవక్త (స) ఒక సతీమణి ఇంట్లో ఉండగా, మరో సతీమణి ఒక గిన్నెలో ఆహారం పంపారు. ఇంటావిడకు రోషం కలిగి చెయ్యి విసరగా గిన్నె కిందపడి పగిలింది. దైవప్రవక్త (స) ఆమెపై కోప్పడలేదు. పెంకులను, ఆహారాన్ని తానే ఏరారు. తెచ్చిన సేవకుణ్ణి ఆపి, పగిలిన గిన్నెను ఆ ఇంట్లోనే ఉంచి, బాగున్న గిన్నెను పంపించారు. రెండూ తన ఇళ్ళే, ఇద్దరూ తన సతీమణులే. అయినా ఆస్తి విషయంలో లెక్క లెక్కగానే సరిచేశారు.

అంటే మన చేతి వల్ల పరాయి వస్తువు పాడైతే "కావాలని చేయలేదు కదా" అనే మాట సరిపోదు. ఉద్దేశ్యం లేకపోతే పాపం ఉండదు. కాని నష్టపరిహారం అనేది శిక్ష కాదు, అవతలివారి హక్కు. పాపం వేరు, పరిహారం వేరు.

ధర్మవేత్తలు ఏమన్నారు?

ఇప్పుడు ఆ సోదరుని ప్రశ్న దగ్గరకు వద్దాం. ఒక్క యజమాని దగ్గరే కాక, వచ్చినవారందరికీ పనిచేసి పెట్టే చేతిపనివాణ్ణి ఫిఖహ్ గ్రంథాలు 'అజీరె ముష్తరక్' అంటాయి. దర్జీ, చాకలి, అద్దకందారు, మరమ్మతు పనివాడు అందరూ ఈ కోవలోకే వస్తారు. వీరి బాధ్యతను ధర్మవేత్తలు ప్రధానంగా మూడు విధాలుగా విడదీశారు.

మొదటిది, అతని పని వల్ల కలిగిన నష్టం. దర్జీ కొలత తప్పి గుడ్డ కత్తిరించాడు. మెకానిక్కు వైరు తప్పు కలిపి మోటారు కాల్చాడు. హనఫీ మజ్‌హబు ప్రకారం ఇక్కడ నిర్లక్ష్యం ఉన్నా లేకపోయినా అతనే బాధ్యుడు. ఉస్మానియా ప్రభుత్వ కాలంలో 1869 నుంచి 1876 వరకు క్రోడీకరించిన 'మజల్లా' అనే ధర్మశాస్త్ర సంహిత 611వ నిబంధనలో ఇదే మాట ఉంది. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు నష్టానికి బాధ్యుడని దైవప్రవక్త (స) తెలిపిన హదీసు అబూదావూద్‌లో ఉంది. రాని పనిని వస్తుందని చెప్పి వస్తువు విప్పేవారు ఈ హదీసును గుర్తుంచుకోవాలి. "ఇది నా వల్ల కాదు" అని చెప్పటం అవమానం కాదు. అది అమానతులో ఒక భాగం.

రెండవది, అతని అతిక్రమణ లేక నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టం. సర్వీసింగుకు వచ్చిన స్కూటరు మీద సొంత పనులకు తిరగటం, కుట్టటానికి ఇచ్చిన బట్టలను తొడుక్కోవటం, తాళం వేయకుండా వెళ్ళటం, వస్తువును అందరూ తిరిగే చోట వదిలేయటం. ఇందులో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయం లేదు. అతను బాధ్యుడే. యజమాని వచ్చి తన వస్తువు తనకిమ్మని అడిగినా, సరైన కారణం లేకుండా ఇవ్వకుండా ఉంచుకోవటం కూడా అతిక్రమణే. ఆ క్షణం నుంచి అమానతు రక్షణ తొలగిపోతుంది, పూచీ మీద పడుతుంది.

మూడవది, అతని చేత ఏ తప్పూ జరగకుండానే కలిగిన నష్టం. గట్టి తాళం వేసినా దొంగ పగలగొట్టాడు, లేదా బజారంతా మంటలు అంటుకున్నాయి. ఇక్కడ ఇమాములు భేదించారు. ఇమామ్ అబూహనీఫా (రహ్మలై) దృష్టిలో వస్తువు అతని చేతిలో అమానతు మాత్రమే, కనుక పరిహారం లేదు. ఆయన శిష్యులు ఇమామ్ అబూయూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) మాత్రం, బజారంతా కాలిపోవటం వంటి తప్పించుకోలేని ఆపద అయితే తప్ప చేతిపనివాడు బాధ్యుడే అన్నారు. మాలికీ మజ్‌హబు కూడా చేతిపనివారిపై పూచీ పెట్టి, తన తప్పు లేదని సాక్ష్యం చూపితే మినహాయింపునిచ్చింది. షాఫియీ మజ్‌హబులో ప్రబలమైన అభిప్రాయం ప్రకారం తప్పు లేనిదే బాధ్యత లేదు. వస్తువు తన భద్రతలో ఉండగా తన తప్పు లేకుండా పోతే హంబలీలు కూడా బాధ్యత లేదనే అంటారు.

పూచీ పెట్టినవారు హజ్రత్ అలీ (రజి) నుంచి వచ్చిన ఒక ఉల్లేఖనాన్ని చూపుతారు. ఆయన అద్దకందారుల మీద, కంసాలుల మీద పూచీ పెట్టి, ఇలా చేయకపోతే జనం వ్యవహారాలు చక్కబడవన్నారని చెబుతారు. దీని పరంపర బలం గురించి హదీసువేత్తలు చర్చించినా, అందులోని వివేకం సుస్పష్టం. జనానికి చేతిపనివాడు కావాలి, వస్తువు అతని చేతికి ఇవ్వక తప్పదు. లోపల ఏం జరిగిందో యజమాని చూడలేడు. "పోయింది" అన్న ఒక్క మాటతో వ్యవహారం ముగిసిపోతే, నిజాయితీపరుడికీ మోసగాడికీ తేడా తెలిసేదెలా?

మూడు వస్తువులు, మూడు సమాధానాలు

నేను ఆ సోదరుణ్ణి ఒక్కో వస్తువు గురించి విడివిడిగా అడిగాను.

"నీళ్ళ మోటారు ఎక్కడ ఉండింది?" అన్నాను. లోపల చోటులేక వరండాలో పెట్టానన్నాడు. ఆయన సొంత పనిముట్లను మాత్రం లోపల పెట్టి తాళం వేశాడు. తన వస్తువుకు ఒక కొలత, పరాయి వస్తువుకు మరో కొలత. మోటారు విలువ ఇవ్వటం తప్పనిసరి అని చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడు.

మిక్సీ గడువులోపలే ఉంది, షట్టరు లోపల ఉంది, రెండు తాళాలూ వేసి ఉన్నాయి. ఇది పైన చెప్పిన మూడవ కోవలోనిది. ఇమామ్ అబూహనీఫా (రహ్మలై) అభిప్రాయం ప్రకారం పరిహారం తప్పనిసరి కాదు. ఆయన శిష్యుల ప్రకారం మాత్రం తప్పదు. అటువంటప్పుడు మిక్సీ యజమానితో కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఇద్దరికీ సమ్మతమైన రాజీ చేసుకోవటం మేలని చెప్పాను. రాజీ మేలైనదని దివ్యఖుర్‌ఆనే తెలుపుతోంది. పని పూర్తయినా వస్తువు చేతికి ఇవ్వలేదు కనుక కూలి అడగవద్దని కూడా చెప్పాను.

ఇక కుట్టుమిషను. ఆ మాట ఎత్తగానే ఆయన తల దించుకున్నాడు. అది ఒక వితంతువుది. పది రోజుల్లో ఇస్తానని తీసుకున్నాడు. రెండు నెలలు గడిచాయి. పెద్ద పనులు వచ్చినప్పుడల్లా దాన్ని పక్కన పెట్టాడు. ఆమె మూడుసార్లు వచ్చింది. చివరిసారి, "బాగుచేయకపోయినా ఫరవాలేదన్నా, నా మిషను నాకిచ్చేయి, వేరేచోట చూపించుకుంటాను" అంది. "రేపు రామ్మా" అన్నాడు. మిషను లోపలే ఉంది, తాళం వేసే ఉంది. అయినా ఇక్కడ తాళం గురించి అడగాల్సిన పనే లేదు. ఆమె తన సొత్తు తనకిమ్మని అడిగిన రోజున ఇచ్చివుంటే దొంగకు అది దొరికేదే కాదు. ఆ "రేపు" అన్న మాటతోనే పూచీ ఆయన మెడకు చుట్టుకుంది.

సోదరులారా! ఆ మిషను మీదే ఆమె ఇల్లు నడుస్తుంది. మనకు అది మూలన పడివున్న పాత ఇనుము. ఆమెకు అది పిల్లల అన్నం.

బోర్డు సంగతి ఏమిటి?

ముస్లిములు తాము ఒప్పుకున్న షరతులకు కట్టుబడి ఉండాలని, అయితే హలాల్‌ను హరామ్‌గానో హరామ్‌ను హలాల్‌గానో మార్చే షరతు చెల్లదని దైవప్రవక్త (స) బోధించారు. గోడమీది బోర్డు మన నిర్లక్ష్యాన్ని హలాల్ చేయలేదు. పరాయి సొత్తును వరండాలో వదిలేసే హక్కును ఏ బోర్డూ ఇవ్వదు.

మన దేశ చట్టం చెప్పేది కూడా దీనికి దూరంగా లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 151వ సెక్షను, వివేకం గల సాధారణ వ్యక్తి తన సొంత వస్తువు పట్ల తీసుకునేంత జాగ్రత్తను అప్పగించిన వస్తువు పట్ల తీసుకోవాలంటుంది. అనుమతి లేకుండా వాడుకుంటే నష్టానికి బాధ్యత ఉంటుందని 154వ సెక్షను, సకాలంలో తిరిగి ఇవ్వకపోతే ఆ తర్వాత కలిగే నష్టానికి బాధ్యత ఉంటుందని 161వ సెక్షను తెలుపుతున్నాయి. సేవాలోపం జరిగిందనుకున్న కస్టమరు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కమిషన్‌కు కూడా వెళ్ళవచ్చు. అయితే విశ్వాసి కమిషన్ నోటీసు వచ్చేదాకా ఆగడు. ప్రళయదినాన వచ్చే నోటీసుకు వాయిదాలు ఉండవని అతనికి తెలుసు.

కనిపించని అమానతు

ఈ రోజుల్లో ఫోను బాగుచేసేవారి బాధ్యత మరీ బరువైనది. ఫోను ఇచ్చేటప్పుడు పాస్‌వర్డు కూడా చెబుతారు. అందులో ఒక కుటుంబం ఫోటోలు, ఆడపడుచుల మాటలు, బ్యాంకు వివరాలు ఉంటాయి. అద్దం మార్చమని ఇచ్చిన ఫోనులో ఫోటోలు తెరిచి చూడటం, తాళం బాగుచేయమని పిలిస్తే వచ్చి పెట్టెలు వెదికినట్టే. ఇతరుల రహస్యాలు కూపీ లాగవద్దని అల్లాహ్ అల్ హుజురాత్ సూరా 12వ ఆయతులో వారించాడు. ఒక వ్యక్తి అటూ ఇటూ చూసి చెప్పిన మాట కూడా అమానతేనని దైవప్రవక్త (స) తెలిపారు. చెప్పిన మాటే అమానతైతే, చూపించని ఫోటో సంగతి ఏమిటి? పోయిన మిక్సీకి డబ్బు కట్టివ్వవచ్చు. పోయిన పరువుకు ఎంత కట్టిస్తాం?

అలాగే విప్పిన పాత పార్టులు కూడా యజమానివే. రాగి తీగ తీసి అల్యూమినియం తీగ చుట్టటం, మంచి పార్టు మార్చి పాతది వేసి కొత్తదని బిల్లు వేయటం దొంగతనమే. ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి అడుగున తడి చూసిన దైవప్రవక్త (స), మోసం చేసేవాడు తన వర్గంలోనివాడు కాడని హెచ్చరించారు. ఆ రాశి పైకి పొడిగానే కనిపించింది.

వస్తువు ఇచ్చేవారి బాధ్యత

హక్కులు ఒకవైపే ఉండవు. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న హదీసు ఇబ్నెమాజాలో ఉంది. పని చేయించుకుని కూలి ఎగ్గొట్టేవాడికి ప్రళయదినాన తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించినట్టు బుఖారీలో ఉంది. మరమ్మతు చేసినవాడు తన కూలి అందేదాకా వస్తువును ఆపివుంచవచ్చని హనఫీ ధర్మవేత్తలు అన్నారు. వస్తువులో ముందే ఉన్న లోపాన్ని దాచి ఇవ్వటం, తర్వాత "నీవే పాడుచేశావు" అని నింద వేయటం, పాత వస్తువు పోతే కొత్తదాని ధర అడగటం కస్టమరు చేసే అన్యాయాలు. పరిహారం అంటే ఆ వస్తువు ఆ స్థితిలో ఎంత చేస్తుందో అంతే.

అందుకే వ్రాసుకోవటం మేలు. అప్పు వ్యవహారాన్ని వ్రాసుకోమని అల్ బఖరా సూరా 282వ ఆయతు నేర్పుతోంది. అదే పద్ధతిలో వస్తువు పేరు, దాని స్థితి, లోపం, కూలి, తేదీ ఒక చీటీ మీద వ్రాసి ఒకటి ఇచ్చి ఒకటి ఉంచుకుంటే సగం తగాదాలు పుట్టవు. పని మరో ఊరికి పంపించాల్సివస్తే యజమానికి ముందుగా చెప్పాలి.

తిరిగి రానివారి వస్తువులు

కొందరు వస్తువు ఇచ్చి నెలల తరబడి రారు. "30 రోజుల తర్వాత మాది బాధ్యత కాదు" అని వ్రాసి, తర్వాత దాన్ని అమ్ముకోవచ్చా? గడువు దాటితే యాజమాన్యం మారదు. ఫోను చేయాలి, కబురు పంపాలి. చోటు చాలకపోతే యజమానికి తెలియజేసి, అతని సమ్మతితో అమ్మి, కూలి తీసుకుని మిగిలింది అతనికి ఇవ్వాలి. ఎంత వెదికినా ఆచూకీ దొరకకపోతే దగ్గరి ఆలిమ్‌లను సంప్రదించాలి. అంతేగాని నిశ్శబ్దంగా మన సొమ్ములో కలుపుకోకూడదు.

గుహలో చిక్కుకున్న ముగ్గురి గాథ బుఖారీ, ముస్లింలలో ఉంది. వారిలో ఒకడి దగ్గర ఒక కూలివాడు కొద్దిపాటి ధాన్యపు కూలిని వదిలి వెళ్ళిపోయాడు. ఇతడు దాన్ని విత్తి, పెంచి, ఆవులమందగా చేశాడు. ఎన్నో రోజుల తర్వాత కూలివాడు వచ్చి తన ధాన్యం అడిగితే, మందనంతా చూపించి తోలుకుపొమ్మన్నాడు. ఎగతాళి చేయవద్దని అతను వేడుకుంటే, ఇది నీదేనన్నాడు. గుహ ద్వారాన్ని బండ మూసేసినప్పుడు అల్లాహ్ ముందు అతను చెప్పుకున్న ఆచరణ అదే. బండ కదిలింది.

ఆ సోదరుడు లేచి వెళ్తూ, "ముందు ఎవరి దగ్గరికి వెళ్ళమంటారు?" అని అడిగాడు. కుట్టుమిషను ఆమె దగ్గరికే వెళ్ళమన్నాను. ఆమె నాలుగోసారి రాకముందే వెళ్ళమన్నాను. ఒకేసారి ఇవ్వలేకపోతే క్షమాపణ కోరి, వాయిదాలు ఒప్పించుకుని, సాక్షుల ముందు వ్రాసి ఇమ్మన్నాను. అప్పటిదాకా ఆమె పని ఆగిపోకుండా ఎక్కడైనా ఒక మిషను ఎరువు ఇప్పించమన్నాను.

సోదరులారా! ఈ రాత్రి షట్టరు దించే ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి అరల వైపు చూడండి. అక్కడ ఎవరి వస్తువు గడువు దాటి ఉందో, ఎవరికి "రేపు" అని చెప్పి పంపామో గుర్తుచేసుకోండి. మనకు రేపు ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు.

ఓ అల్లాహ్! మా చేతులను ద్రోహం నుంచి, మా నాలుకలను అబద్ధం నుంచి, మా చూపులను ఇతరుల రహస్యాల నుంచి కాపాడు. మా సంపాదనను హలాల్ చేసి అందులో శుభాన్ని ప్రసాదించు. మాపై ఎవరి హక్కు ఉన్నా, ప్రాణం పోకముందే తీర్చే సద్బుద్ధిని, స్తోమతును మాకు అనుగ్రహించు. ఆమీన్.